పెంపకం నాయినమ్మది, పెత్తనం ఫోనుది

టీనేజి మనుమలను సాకుతున్న నాయినమ్మలకు, అమ్మమ్మలకు ఏం కావాలి? పిల్లలతో మాట్లాడే తీరు, బడితో, బ్యాంకుతో వ్యవహరించే తీరు నేర్పాలని కొందరంటారు. ముందు పింఛను, ఆసుపత్రి సంగతి చూడండి, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయని ఇంకొందరంటారు. ఆమెకు మనం నేర్పేదేముంది, ఆమె దగ్గరే మనం నేర్చుకోవాలని మూడో వర్గం వాదిస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు శాస్త్రాల్లో సాగిన ఈ వాదనలు ఒకదానికొకటి వినబడకుండా పెరిగాయి. వాటిని ఒకచోట చేర్చి బేరీజు వేయాల్సిన సమయమిది. అందుకు నిజామాబాద్ జిల్లా చెరకు పల్లెలను, అంటే రుద్రూర్, బోధన్, వర్ని చుట్టుపక్కల ఇళ్లను ఎదురుగా పెట్టుకుంటే మంచిది. ఏ వాదం ఎంతవరకు నిలుస్తుందో ఆ ఇళ్లలో తేలిపోతుంది. దాదాపు అందరూ వదిలేసిన ఒక ముక్క కూడా అక్కడే దొరుకుతుంది.

చెరకు నేల, వలస ఇళ్లు

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ ప్రాంతానికి కాలువ నీళ్లొచ్చాయి. ఆ దశకం చివర్లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరుండేది. రుద్రూర్‌లో చెరకు పరిశోధన స్థానం వెలిసింది, ఇప్పుడది వరిని కూడా చూస్తోంది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. చెరకు మళ్లు చాలావరకు వరి మళ్లయ్యాయి. సీజనుకు ఫ్యాక్టరీలో దొరికే పని పోయింది.

వలస మాత్రం అంతకు చాలా ముందునుంచే ఉంది. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని ఉత్తర తెలంగాణ తన వలస చరిత్రను మూడు మాటల్లో చెప్పుకుంటుంది. 1970లలో చమురు ధరలు పెరిగాక మొదటి మాట మిగతా రెంటినీ దాటిపోయింది. మగమనిషి గల్ఫ్‌కు పోతే ఇంట్లో భార్య, అత్త, పిల్లలు మిగులుతారు. భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది, నాట్లప్పుడు, కలుపులప్పుడు కూలికి పోతుంది. పిల్లల అన్నం, స్నానం, బడి అత్త చేతిలో పడతాయి. ఆ పిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి పని స్వభావమే మారిపోతుంది. అన్నం పెట్టడం తేలికవుతుంది, మాట్లాడడం కష్టమవుతుంది. కొడుకు రెండేళ్లకోసారి సుట్టీ మీద వచ్చిపోతుంటాడు. మిగతా రోజుల్లో ఆయన ఫోనులో ఉంటాడు.

ఆమె వయసెంత?

ఈ చర్చలో మొదటి పొరపాటు నాయినమ్మ అనగానే పండు ముసలిని ఊహించుకోవడం. పదిహేనేళ్లకు పెళ్లయి పదిహేడేళ్లకు తల్లయిన మనిషి కొడుకు ఇరవైమూడేళ్లకు తండ్రయితే, మనుమడికి పదమూడేళ్లు వచ్చేనాటికి ఆమెకు 53 ఏళ్లు. కూతురి పిల్లల విషయంలో ఆమెకు యాభై కూడా నిండకపోవచ్చు. ఆ వయసులో ఆమె ఇంకా కూలికి పోతూనే ఉంటుంది, బీడీలు చుడుతూనే ఉంటుంది. ఆసరా వృద్ధాప్య పింఛను 2014లో 65 ఏళ్లవారితో మొదలై, తర్వాత 57 ఏళ్లకు దిగింది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. 53 ఏళ్ల నాయినమ్మకు అది అందదు. వితంతువో, ఒంటరి మహిళో, పీఎఫ్ ఖాతా ఉన్న బీడీ కార్మికురాలో అయితే వేరే దారి ఉంది. వృద్ధుల సంక్షేమం పేరుతో చేసే ఏ శిక్షణ అయినా టీనేజి మనుమలున్న నాయినమ్మల్లో చాలామందిని గడప దగ్గరే వదిలేసే ప్రమాదం ఉంది.

రెండో సంగతి మరింత లోతైనది. ఆడపిల్ల పెళ్లి వయసు 1978 చట్ట సవరణతో 18 అయింది. పల్లెల్లో అది అమలులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పటి నాయినమ్మల్లో చాలామంది పదిహేనేళ్లకే కోడళ్లు. వాళ్ల మగవాళ్లు ఆ వయసుకు అరక పట్టినవాళ్లు, చెరకు బండి తోలినవాళ్లు. పెళ్లి ఊసు, సంపాదన రెండూ లేకుండా, చదువుకుంటూ, ఫోను చేతిలో పట్టుకుని ఆరేడేళ్లు గడిపే మనిషి వాళ్ల అనుభవంలో లేడు. తాము బతకని ఒక వయసును మనుమల్లో అర్థం చేసుకోమని మనం వాళ్లను అడుగుతున్నాం. మార్పు వేగంగా ఉన్న కాలంలో పెద్దలే పిన్నల దగ్గర నేర్చుకోవాల్సి వస్తుందని మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1970లో రాసింది. ఆ మాట ఈ ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఆమెకు తెలియనిదాన్ని అజ్ఞానం అనడం మాత్రం అన్యాయం.

నాలుగు రకాల ఇళ్లు

శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒకే ఇంటిని ఊహించుకుంటారు. తెలుగు నేల మీద, దాని పొరుగున కనీసం నాలుగు రకాల ఇళ్లున్నాయి.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి వైపు ఎక్కువగా తండ్రే వెళ్తాడు, తల్లి ఉంటుంది. అక్కడ పెంపకం అత్తాకోడళ్ల ఉమ్మడి పని. వాళ్లిద్దరికీ పొసగకపోతే టీనేజి పిల్లలు ఆ సందును చాలా త్వరగా కనిపెడతారు. తల్లి కాదన్నది నాయినమ్మ దగ్గర, నాయినమ్మ కాదన్నది తండ్రి ఫోనులో సాధించుకుంటారు.

కడప, రాయచోటి, కోనసీమ వైపు ఇంటిపనికి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు తల్లులే వెళ్తారు. ఇక్కడ ఒక నిబంధనను గమనించాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లుండాలి. ఆమె రక్షణ కోసం పెట్టిన నియమమే అది. అయితే ముప్పై దాటిన పల్లె తల్లికి పదేళ్లు పైబడిన పిల్లలుంటారు. ఆమె విమానం ఎక్కే సమయం, పిల్లలు కౌమారంలోకి అడుగుపెట్టే సమయం ఒక్కటవుతాయి. అమ్మ వదిలేసి పోయిందన్న కోపం అమ్మమ్మ మీదికి మళ్లుతుంది. మగవాడు వలసపోతే త్యాగం, ఆడది పోతే తప్పు అన్నట్టు ఊరు మాట్లాడుతుంది. ఆ మాటల నుంచి పిల్లలను కాచుకోవడం కూడా అమ్మమ్మ పనే అవుతుంది.

మూడోది సీజను వలస. పాలమూరు కూలీలు, మరాఠ్వాడా నుంచి చెరకు కోతకు కదిలే కుటుంబాలు ఏటా కొన్ని నెలలు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తాయి. కోత పనులకు తల్లిదండ్రులతో వెళ్లే పిల్లల కోసం మహారాష్ట్రలో జనార్థ్ అనే సంస్థ ఫ్యాక్టరీల దగ్గర చక్కెర బడులు నడిపింది. ఊళ్లోనే ఉండిపోయే పిల్లలకు సీజను హాస్టళ్లు వచ్చాయి. ఇక్కడ పెత్తనం ఏడాదికి రెండుసార్లు చేతులు మారుతుంది.

నాలుగోది చావు తెచ్చిన ఇల్లు. తల్లిదండ్రులు ప్రమాదంలోనో, జబ్బుతోనో, అప్పుల బాధతోనో పోయినచోట పిల్లల అమ్మానాన్న పోయారని అందరూ చూస్తారు. నాయినమ్మకు పోయింది కన్నబిడ్డ అన్నది రెండో మాటగా మిగిలిపోతుంది. ఒకే మనిషి కోసం ఇద్దరూ ఏడుస్తున్న ఇంట్లో ఒకరినొకరు ఓదార్చుకునే బలం ఎవరికీ ఉండదు. అక్కడ మొదట కావలసింది దుఃఖానికి తోడు. సంభాషణ పాఠాల వంతు తర్వాతే వస్తుంది.

చర్చ నడిచిన దారి

మనుమల పెంపకం అవ్వాతాతల మీద పడడాన్ని సామాజిక సమస్యగా ముందుగా గుర్తించిన దేశాల్లో అమెరికా ఒకటి. కొకైన్ వ్యసనం కుటుంబాలను కూల్చిన రోజుల్లో మనుమలను పెంచిన నల్లజాతి నాయినమ్మల మీద మెరిడిత్ మింక్లర్, క్యాథ్లీన్ రో 1993లో పుస్తకం తెచ్చారు. 2000 జనాభా లెక్కల్లో మనుమల బాధ్యత మీదేనా అని అవ్వాతాతలను అడగడం అక్కడ తొలిసారి మొదలైంది. అదే ఏడాది న్యూయార్క్‌లో కరోల్ కాక్స్ నాయినమ్మల బృందాల కోసం శిక్షణ పుస్తకం తయారుచేసింది. 2018లో మనుమలను పెంచే పెద్దలకు సహాయం కోసం కేంద్ర చట్టమే వచ్చింది.

భారతదేశంలో చర్చ వేరే తలుపు నుంచి, వలస అధ్యయనాల నుంచి లోపలికి వచ్చింది. కేరళలో గల్ఫ్ భర్తల భార్యల మీద లీలా గులాటి పుస్తకం 1993లో వచ్చింది. 1998 నుంచి కె.సి. జకరయా, ఎస్. ఇరుదయరాజన్ కేరళ వలస సర్వేలు నడిపారు. వాటిలో డబ్బు, భార్య, ఇల్లు ప్రధానంగా కనిపిస్తాయి, అత్త పక్కన నిలబడి ఉంటుంది. ఆమెను చర్చ మధ్యలోకి తెచ్చినవాళ్లు మానవశాస్త్రవేత్తలు. టాంజానియాలోని హాడ్జా జాతిలో గడ్డలు తవ్వి మనుమల కడుపు నింపే వృద్ధ స్త్రీలను గమనించి, మనిషి దీర్ఘాయుష్షుకు నాయినమ్మ శ్రమే ఒక కారణమని క్రిస్టెన్ హాక్స్ బృందం 1990ల చివర్లో ప్రతిపాదించింది. ఆ ఊహ మీద వివాదం ఇంకా ఉంది. అప్పటి నుంచి నాయినమ్మను భారంగా చూడడం మాత్రం కష్టమైంది.

శిక్షణ వాదం

మొదటి వర్గం వాదన సూటిగా ఉంటుంది. పెంపకం ఒక విద్య, కాలం మారితే విద్య కూడా మారాలి. ఆస్ట్రేలియాలో జేమ్స్ కిర్బీ, మాథ్యూ శాండర్స్ అవ్వాతాతల కోసం పెంపకపు పాఠాలను మార్చి రాసి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఆ పాఠాల్లో మెచ్చుకోదగిన భాగం ఒకటుంది. పిల్లలతో ఎలా ఉండాలో చెప్పడంతో ఆగకుండా, పిల్లల తల్లిదండ్రులతో ఎలా కలిసి పనిచేయాలో కూడా నేర్పారు. అయితే అవి చిన్నపిల్లలను దృష్టిలో పెట్టుకున్న పాఠాలు. పదహారేళ్ల పిల్లను మెచ్చుకోలు మాటలతో, చిన్న చిన్న బహుమతులతో దారికి తేలేం.

ఈ లోటును గుర్తించి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని ఫ్రాంక్ ఇన్‌ఫర్నా, కెంట్ స్టేట్ యూనివర్సిటీలోని గ్రెగొరీ స్మిత్ ఒక ప్రయోగం చేపట్టారు. మనుమలను పెంచే నాయినమ్మలకు, వాళ్ల దగ్గర పెరిగే టీనేజి పిల్లలకు ఆన్‌లైన్‌లో సామాజిక నైపుణ్యాలు నేర్పి చూడడం దాని సారం. ఎదుటి మనిషి మనసులో ఏముందో ఊహించడం, కోపం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగడం, సంబంధాన్ని మళ్లీ కలుపుకోవడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇంటి రెండు కొసలకూ ఒకేసారి నేర్పాలన్న ఆలోచన మొత్తం చర్చలోనే ముందడుగు. కానీ ఆన్‌లైన్ అనే సాధనం మన పల్లె నాయినమ్మకు సరిపడదు. రుద్రూర్, బోధన్ ఇళ్లలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ వినిపిస్తాయి. చదవడం రాని చేతుల్లో తెరమీద పాఠం పెడితే దాన్ని మనుమడే ఆడించాలి. తన గురించిన పాఠాన్ని తానే నొక్కి వినిపించే పిల్లవాడి ముందు ఆమె మనసు విప్పుతుందనుకోలేం.

వనరుల వాదం

రెండో వర్గం అంటుంది: ఆమెలో లోటు వెతకడం ఆపండి, ఆమె చేతిలో డబ్బు ఉందో లేదో చూడండి. వీళ్లకున్న బలమైన ఆధారం ఎస్తేర్ డఫ్లో 2003లో ప్రచురించిన దక్షిణాఫ్రికా అధ్యయనం. పింఛను నాయినమ్మ, అమ్మమ్మ చేతికి అందిన ఇళ్లలో ఆడపిల్లల ఎదుగుదల మెరుగుపడింది. తాత చేతికి అందితే అలాంటి మార్పు కనబడలేదు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను ఇంటికి ఒకరికే ఇస్తారు కాబట్టి, అది ఎవరి పేర వస్తుందన్నది మనుమరాలి కంచంలో ఏముంటుందన్న ప్రశ్నగా మారుతుంది. ఈ ఒక్క అంశం మీదైనా విధానకర్తలు ఆలోచించాలి.

అయితే డఫ్లో కొలిచింది చిన్నపిల్లల ఎత్తు, బరువు. డబ్బు ఆకలి తీర్చినట్టు అలకను తీర్చదు. గల్ఫ్ డబ్బు వచ్చే ఇళ్లలో ఇది మరీ స్పష్టం. అక్కడ లోటు అన్నిసార్లూ డబ్బుది కాదు, కొన్నిచోట్ల డబ్బే తగాదా. బైకు కావాలి, కొత్త ఫోను కావాలి అన్న పద్దెనిమిది నిండని మనుమడికి నాన్న పంపిన డబ్బు మీద నాయినమ్మకు ఏం హక్కు అన్న మాట సులభంగా నోటికొస్తుంది.

పెద్దరికం వాదం

మూడో వర్గం నాయినమ్మలను గురువులుగా చూస్తుంది. సెనెగల్‌లోని వెలింగారా ప్రాంతంలో జూడీ ఆబెల్ స్థాపించిన గ్రాండ్‌మదర్ ప్రాజెక్ట్ బాల్యవివాహాల వంటి ఆచారాల మీద పనిచేసింది. నాయినమ్మలను పక్కకు నెట్టకుండా, వాళ్లనే ముందు కూర్చోబెట్టి తల్లులు, ఆడపిల్లలు, ఊరి పెద్దలతో మాట్లాడించింది. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ప్రయత్నం ఇంకా ప్రసిద్ధం. ఆరోగ్య కేంద్రం బయట ఒక బెంచీ, దానిమీద శిక్షణ పొందిన ఒక అవ్వ, పక్కన దిగులుతో వచ్చిన మనిషి, ఇదే ఆ పద్ధతి. హరారేలో 24 క్లినిక్‌లలో, 573 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత బెంచీ మీద మాట్లాడినవాళ్లలో దిగులు లక్షణాలు స్పష్టంగా తగ్గాయి.

పెద్ద చదువులు లేని అవ్వలు వినే విద్యను ఎంత బాగా నేర్చుకోగలరో దీనికి మించిన రుజువు అక్కరలేదు. నేర్చుకునే వయసు దాటిందన్న సాకు ఇక చెల్లదు. ఒక్క తేడాను మాత్రం మరవకూడదు. బెంచీ దగ్గరికి వచ్చేది పరాయి మనిషి, అదీ తనంతట తాను వచ్చినవాడు. సొంత మనుమడు అలా రాడు. పరాయివాళ్ల కష్టాన్ని ఓర్పుగా వినే మనిషే సొంత పిల్లల దగ్గర రెండో మాటకే సలహాలోకి దిగడం అన్ని ఇళ్లలో ఉన్నదే. అందుకే ఈ వాదాన్ని మన పల్లెలకు తెచ్చుకుంటే ఒక మార్పుతో తెచ్చుకోవాలి. ఒక నాయినమ్మ ఇంకొక ఇంటి పిల్లలకు వినే మనిషిగా ఉండేలా చూడాలి.

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. శిక్షణ వాదం ఆమె మాటను మారుస్తానంటుంది, వనరుల వాదం ఆమె చేతిని నింపుతానంటుంది, పెద్దరికం వాదం ఆమె స్థానాన్ని గౌరవిస్తానంటుంది. ఇంట్లో చివరి మాట ఎవరిది అన్న ప్రశ్నను మూడూ దాటేస్తాయి.

చట్టం చేయి వదిలే చోటు

చివరి మాట చట్టప్రకారం ఆమెది కాదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఇద్దరూ లేనప్పుడు నాయినమ్మ 1890 నాటి చట్టం కింద కోర్టుకు వెళ్లి సంరక్షకురాలినని అనిపించుకోవాలి. బోధన్, నిజామాబాద్‌లలో పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లిం కుటుంబాలకు వర్తించే హనఫీ న్యాయం ఈ విషయంలో ఉదారమైనది. తల్లి లేకపోతే పిల్లల సంరక్షణలో మొదటి హక్కు అమ్మమ్మది. అయితే ఆ హక్కు మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేవరకు, ఆడపిల్ల ఈడేరేవరకే. అసలు కష్టం మొదలయ్యే చోట ఆమె హక్కు ముగిసిపోతుంది.

బడిలోనూ ఇదే తీరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సంరక్షకులు అన్న ఆ మాట నాయినమ్మకు తలుపు తెరుస్తుంది. కానీ ఆ చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగుతుంది. తొమ్మిది, పది, ఇంటర్ చదివే మనుమల విషయంలో ఆమె మళ్లీ గేటు బయటే. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. గల్ఫ్‌లో కార్మికుడు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. రెండూ మంచివే. రెండూ ప్రధానంగా చావో, పెద్ద కష్టమో వచ్చాక అందేవి. తండ్రి బతికి ఉండి దూరంగా ఉన్న ఇంటికి, అంటే ఈ ప్రాంతంలో అన్నిటికంటే మామూలుగా కనిపించే ఇంటికి, వాటిలో చోటు లేదు.

ఫోనులో ఉన్న మూడో మనిషి

ఈ చర్చలో దాదాపు అందరూ వదిలేసిన ముక్క ఇదే. టీనేజి మనుమడికి, నాయినమ్మకు మధ్య జరిగే ప్రతి గొడవలో మూడో మనిషి ఉంటాడు. ఆయన దోహాలోనో, దమ్మామ్‌లోనో డ్యూటీ దిగి ఫోను చేస్తాడు. బాధ్యత ఆమెది, తీర్పు ఆయనది. ఆమె పొద్దున కాదన్నదాన్ని రాత్రి వీడియో కాల్‌లో ఆయన సరే అంటాడు. ఏళ్ల తరబడి పిల్లల ముఖం చూడని మనిషి ఒక్క పదినిమిషాల మాటలో కాదనలేకపోవడం సహజం. కానీ ఆ ఒక్క సరే తర్వాత నాయినమ్మ మాటకు ఇంట్లో విలువ ఉండదు. అలాంటి ఇంట్లో ఆమెకు ఎంత మంచి సంభాషణ నేర్పినా అది గాలిలో పెట్టిన దీపమే.

చైనా ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించింది. పట్నాలకు వలస వెళ్లినవాళ్ల పిల్లలు అక్కడ పల్లెల్లో నాయినమ్మల దగ్గర పెరుగుతారు. 2016లో ప్రభుత్వం తల్లిదండ్రులకు, పిల్లలను చూసుకునేవాళ్లకు మధ్య రాతపూర్వక అప్పగింత పత్రాలు రాయించడం మొదలుపెట్టింది. 2021 జూన్ నుంచి అమలులోకి వచ్చిన మైనర్ల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. పిల్లలను వేరొకరికి అప్పగించి వెళ్లిన తల్లిదండ్రులు పిల్లలతోనూ, పెంచేవారితోనూ వారానికి కనీసం ఒకసారి మాట్లాడాలని చెప్పింది. పెంచేవారితోనూ అన్న మాట ఇందులో కీలకం. చట్టంతో ప్రేమ పుట్టదన్న విమర్శ నిజమే. కానీ పెంచే మనిషికి ఒక స్థానం ఉందని రాసి పెట్టడం చిన్న విషయం కాదు.

మన దేశంలో 2018 నుంచి వలస కార్మికులకు ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇస్తున్నారు. అక్కడి చట్టాలు, జీతం, పాస్‌పోర్టు భద్రత వంటివి అందులో ముఖ్యం. ఆ రోజులో ఒక గంట ఇంటికి కేటాయించాలి. ఎవరితో ముందు మాట్లాడాలి, ఏ నిర్ణయం ఎవరిది, పిల్లల ముందు నాయినమ్మను ఎలా నిలబెట్టాలి అన్నవి బయలుదేరేవాడికి చెప్పాలి. నాయినమ్మల శిక్షణ నిజానికి ఆమె కొడుకు దగ్గర మొదలుకావాలన్నదే ఈ సమీక్ష తేల్చుకున్న అభిప్రాయం.

నేర్పవలసినవి ఏవి

అంటే ఆమెకు నేర్పవలసింది ఏమీ లేదని కాదు, చాలానే ఉంది. అందులో మొదటిది ప్రశ్నలు తగ్గించడం. బడి నుంచి వచ్చిన పిల్ల ముఖం మాడ్చుకుని ఉంటే ఏమైందే, ఎవరేమన్నారే అని నిలదీయకుండా పక్కన కూర్చుని పని చేసుకోవడం మనుమరాలి మాటకు దారి తెరుస్తుంది. బీడీలు చుట్టే ఇళ్లలో ఇది సులభం కూడా, చేతులు పనిలో ఉంటే కళ్లు కలపకుండా మాట్లాడుకోవచ్చు. రెండోది వద్దన్నప్పుడు కారణం చెప్పడం. ఊరు ఏమంటుందో అన్నది నాయినమ్మకు పెద్ద కారణం, పదిహేనేళ్ల పిల్లకు అది కారణమే కాదు. చీకటి పడ్డాక బోధన్ బస్సు దొరకదు, నువ్వు వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు అంటే ఆ పిల్లకు అర్థమవుతుంది. మూడోది పోలికలు మానడం. మీ నాయిన ఈ వయసులో ఇల్లు నడిపాడు అన్న మాట పిల్లవాడికి గర్వాన్ని ఇవ్వదు, నేరభావాన్ని ఇస్తుంది.

నెలసరి, ప్రేమ, మత్తు అన్న మూడు విషయాల్లో మాత్రం తెలివిడితో పాటు ధైర్యం కూడా నేర్పాలి. 2014లో మొదలైన కేంద్ర కిశోర స్వాస్థ్య కార్యక్రమం పిల్లలకు, వాళ్ల తోటివాళ్లకు శిక్షణ ఇస్తుంది. ఇంట్లో వాళ్లను పెంచుతున్న మనిషిని కూడా పక్కన కూర్చోబెడితే ఆ ఖర్చుకు రెట్టింపు ఫలం వస్తుంది. ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు ఈ జిల్లాకు పాత రోగం. దాన్ని పసిగట్టడంలో నాయినమ్మలు అందరికంటే ముందుంటారు, మగవాళ్లలో ఆ మత్తును ఏళ్ల తరబడి చూశారు కాబట్టి. పసిగట్టాక ఎవరికి చెప్పాలన్నదే వాళ్లకు తెలియదు. మానసిక సహాయానికి 14416, పిల్లల కోసం 1098, వృద్ధుల కోసం 14567 నంబర్లు ఉన్నాయి. వాటికి ఫోను చేసి ఏం చెప్పాలో ఒకసారి సాధన చేయించడం కూడా సామాజిక నైపుణ్యమే.

తేలని ప్రశ్నలు

మొదటి ప్రశ్న లెక్కది. చైనాలో 2013లో ఇంటి దగ్గర మిగిలిపోయిన పిల్లలు 6.1 కోట్లని మహిళా సమాఖ్య నివేదిక చెప్పింది. 2016లో ప్రభుత్వం 90.2 లక్షలంది. మూడేళ్లలో పిల్లలు మాయం కాలేదు. మొదటి లెక్క తల్లిదండ్రుల్లో ఒకరు దూరంగా ఉన్నా చేర్చుకుంది, రెండోది ఇద్దరూ లేనివాళ్లనే తీసుకుని వయసు పరిమితి కూడా తగ్గించింది. ఆ 90 లక్షల్లో 80 లక్షలకు పైగా అవ్వాతాతల దగ్గరే ఉన్నారు. రుద్రూర్ మండలంలో లెక్క తీస్తే తల్లి ఉండి పగలంతా కూలికి పోయే ఇంటిని ఏ గడిలో వేయాలి? నాయినమ్మ చేసే పనిని బట్టి లెక్క తీయాలా, తల్లిదండ్రులు లేకపోవడాన్ని బట్టి తీయాలా? పనిని బట్టే తీయడం న్యాయమని నా అభిప్రాయం. కానీ అప్పుడు సంఖ్య చాలా పెరుగుతుంది, ప్రభుత్వాలు దానికి వెనుకాడతాయి.

రెండోది ఎవరు నేర్పాలన్నది. మహిళా సంఘాల్లో సభ్యత్వానికి పై వయసు పరిమితిని 60 నుంచి 65కు పెంచి, కింది పరిమితిని 15కు తగ్గించాలని 2025లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అంటే నాయినమ్మ, మనుమరాలు ఒకే సంఘం నీడలోకి రావచ్చు. ఇంత మంచి అవకాశం ఈ విషయంలో ఇంతకు ముందు రాలేదు. అయితే అప్పులు, వాయిదాల లెక్కలతో నిండిన సంఘం సమావేశంలో ఇంటి గుట్టు మాట్లాడగలరా అన్న సందేహం ఉంది. అదే సమావేశంలో కోడలు కూడా కూర్చుంటే ఆ సందేహం ఇంకా బలపడుతుంది.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది. నాయినమ్మ విన్నదాన్ని ఏం చేయాలి? మనుమరాలు ఒక అబ్బాయి గురించి నమ్మి చెప్పిందనుకుందాం. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల పెత్తనం బలమైనది, వాటి జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. విషయం బయటికి పొక్కితే తీర్పు అక్కడ జరుగుతుంది, ఆ తీర్పులో నాయినమ్మకు గొంతు ఉండదు. దాస్తే రేపు కొడుకు ఆమెనే నిలదీస్తాడు. చెప్తే మనుమరాలు ఇక ఎప్పటికీ నోరు విప్పదు, చదువు మాన్పించి పెళ్లి చేసే ప్రమాదమూ ఉంది. వినడం నేర్పే ఏ పాఠమైనా ఈ ఇరుకులో ఆమెను ఒంటరిగా వదలకూడదు. ప్రతి ఊళ్లో ఆమె రహస్యంగా సలహా అడగగలిగిన ఒక మనిషి, ఆశా కార్యకర్తో, టీచరో, అంగన్‌వాడీ టీచరో, ముందే నిర్ణయమై ఉండాలి. అది లేకుండా మొదలుపెట్టే శిక్షణ ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

ఈ పనికి కొత్త శాఖ అక్కరలేదు. రుద్రూర్‌లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఊరూరా మహిళా సంఘాలున్నాయి, బడులున్నాయి. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రుల సమావేశానికి నాయినమ్మ పేరున పిలుపు పంపడంతో ఏ ప్రధానోపాధ్యాయుడైనా రేపే మొదలుపెట్టవచ్చు. దూరదేశంలో ఉండి ఇది చదివే తండ్రులకు, తల్లులకు ఒక మనవి. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు ముందు అమ్మతో మాట్లాడండి. పిల్లల విషయంలో ఆమె ఏం నిర్ణయించిందో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత పిల్లలతో మాట్లాడినప్పుడు ఆమె మాటే మీ మాటని వాళ్లకు వినపడేలా చెప్పండి.